మీ కేసుకి లాయర్ ఉచితం: కూలి డబ్బు రాకపోతే వలస వచ్చినవాళ్ళు ఏ తలుపు తట్టాలి?

ఈ ఎపిసోడ్ పెదకాకాని నుంచే చెప్తున్నాను. వెనక హైవే మీద లారీల చప్పుడు వినపడుతుంటుంది, కాస్త సర్దుకోండి.

పోయిన ఆదివారం ఇక్కడ శివాలయం దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపాడు. కొత్త బండికి పూజ చేయించుకోవడానికి వచ్చాడు. కౌలుకి చేసుకునే రైతు. "ఏమయ్యా, నువ్వు కోర్టు సంగతులు చెప్తుంటావు గదా. మా పక్క చేలో మిరప కోతకి కర్నూలు వైపు నుంచి వచ్చిన వాళ్ళున్నారు. మేస్త్రీ డబ్బు తీసుకుని అయిపు లేడు. వాళ్ళకి ఈ ఊళ్ళో రేషన్ కార్డు లేదు, ఓటు లేదు, తెలిసినవాడు లేడు. ఇట్టాంటోళ్ళకి లాయర్ని ఎవరిస్తారు?" అని అడిగాడు.

ఇస్తారు. ప్రభుత్వమే ఇస్తుంది, ఉచితంగా ఇస్తుంది. ఇక్కడినుంచి ఆటో ఎక్కితే గుంటూరు జిల్లా కోర్టు దగ్గరే ఆ ఆఫీసు ఉంది. ఈ రోజు అదే చెప్తాను. ఎవరికి ఇస్తారు, ఎట్లా అడగాలి, వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి, ఎక్కడ మోసపోతాం, ఇవన్నీ.

ముందే ఒక మాట. నేను లాయర్ని కాదు. కొంతకాలం పారా లీగల్ వాలంటీరుగా పని చేశాను. అంటే లాయర్‌కీ, కష్టంలో ఉన్న మనిషికీ మధ్య నడిచేవాణ్ణి అన్నమాట. అక్కడ చూసింది, నేర్చుకున్నది చెప్తాను. మీ కేసులో ఏం చేయాలనేది మాత్రం లాయరే చెప్పాలి.

ముందు మా ఇంటి సంగతి

ఈ పనిలోకి నేను ఎందుకొచ్చానో చెప్తే, మిగతాది మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

మా నాన్న పత్తి మిల్లులో పని చేసేవాడు. 2004లో మిషన్‌లో చెయ్యి పడి రెండు వేళ్ళు పోయాయి. అప్పుడు ఆయనకి నలభై ఏళ్ళు. రోజుకి 80 రూపాయల కూలి, నెలకి అటూ ఇటూగా రెండు వేలు. ఆస్పత్రి ఖర్చు మిల్లువాళ్ళే పెట్టారు, అబద్ధం చెప్పకూడదు. ఆ తర్వాత ఎనిమిది వేలు చేతిలో పెట్టి, "ఇకమీదట నాకు ఏ హక్కూ లేదు" అని తెల్లకాగితం మీద రాయించి వేలిముద్ర వేయించుకున్నారు. కుడిచేతి వేళ్ళకి కట్టు ఉంది, ఎడమచేతి బొటనవేలు వేయించారు. నాన్న కాగితాన్ని కళ్ళకద్దుకుని వచ్చాడు. ఎనిమిది వేలు ఇచ్చారు గదా, మంచోళ్ళు అన్నాడు.

అప్పటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం 1923 నాటిది. ఆ చట్టంలో ఒక లెక్క ఉంది. ఒక చేతికి రెండు వేళ్ళు పోతే 20 శాతం నష్టం అని అందులో రాసే ఉంది. నెల జీతంలో 60 శాతం తీసుకోవాలి, అది 1,200. దాన్ని వయసుని బట్టి వచ్చే అంకెతో హెచ్చించాలి. నలభై ఏళ్ళకి ఆ అంకె 184.17. వచ్చింది 2,21,004. అందులో 20 శాతం అంటే దాదాపు 44,200 రూపాయలు. మా నాన్నకి రావాల్సింది అది. తెచ్చుకున్నది ఎనిమిది వేలు.

ఇంకో సంగతి. నా హక్కు వదులుకుంటున్నాను అని కార్మికుడి చేత రాయించుకున్న కాగితం అదే చట్టం సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. అంటే ఆ వేలిముద్రకి విలువే లేదు. రెండేళ్ళ లోపు కమిషనర్ దగ్గరికి వెళ్ళి ఉంటే సరిపోయేది. మాకు ఎవరూ చెప్పలేదు, మేం ఎవర్నీ అడగలేదు. లాయర్ అంటే డబ్బు గదా అనుకున్నాం. నాకు ఈ సంగతి తెలిసేసరికి ఏళ్ళు గడిచాయి, నాన్న లేడు.

మా అమ్మ ఆ కాగితం నకలు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో దాచుకుంది. నేను ఏమీ అనను.

ఇది దానం కాదు, హక్కు

చాలామంది ఉచిత లాయర్ అంటే గుడి దగ్గర అన్నదానం లాంటిది అనుకుంటారు. పెడితే తినాలి, లేకపోతే లేదు అని. అట్లా కాదండీ.

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అనే అధికరణం చేర్చారు. డబ్బు లేదనే కారణంతో ఎవరికీ న్యాయం దూరం కాకూడదు, దానికోసం ప్రభుత్వం ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలి అని దాని సారాంశం. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. బీహారు జైళ్ళలో విచారణ కూడా జరక్కుండా ఏళ్ళ తరబడి మగ్గుతున్న పేదవాళ్ళ కేసు అది. లాయర్ని పెట్టుకునే స్తోమత లేనివాడికి లాయర్ని ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తర్వాత 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టం వచ్చింది. అది అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. అందుకే ఏటా నవంబరు 9న న్యాయసేవల దినం అని జరుపుతారు.

ఢిల్లీలో జాతీయ సంస్థ ఉంది, దాన్ని నల్సా అంటారు. మన రాష్ట్ర సంస్థ అమరావతిలో నేలపాడులో హైకోర్టు దగ్గర ఉంది. ప్రతి జిల్లా కోర్టులో జిల్లా సంస్థ ఉంటుంది, దానికి జిల్లా జడ్జిగారే ఛైర్మన్. దాని కింద కోర్టులున్న ఊళ్ళలో మండల న్యాయసేవా కమిటీలు. మన పెదకాకాని వాళ్ళకి దగ్గర గుంటూరే.

ఎవరికి ఇస్తారు?

చట్టంలో సెక్షన్ 12 చూడండి. "ప్రతి వ్యక్తి" అని మొదలవుతుంది. ఈ ఊరివాడు, ఈ జిల్లావాడు అని లేదు. ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చినా, ఛత్తీస్‌గఢ్ నుంచి మిరప కోతకి వచ్చినా, కోసిగి నుంచి వచ్చినా తలుపు ఒకటే.

ఆదాయంతో పని లేకుండా ఇచ్చేది వీళ్ళకి: ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, వికలాంగులు, పరిశ్రమల్లో పని చేసే కార్మికులు, మనుషుల అక్రమ రవాణాకి గానీ వెట్టికి గానీ గురైనవాళ్ళు, వరదలు, కరువు లాంటి విపత్తుల్లో చిక్కుకున్నవాళ్ళు, జైల్లో లేదా కస్టడీలో ఉన్నవాళ్ళు. జాగ్రత్తగా వినండి, ఆడవాళ్ళందరికీ అన్నాను. మిల్లులో పనిచేసే మగాళ్ళు కూడా కార్మికులుగా ఇందులోకి వస్తారు.

వీటిలో దేనిలోకీ రానివాళ్ళకి ఆదాయ పరిమితి చూస్తారు. మన రాష్ట్రంలో అది ఏడాదికి మూడు లక్షల రూపాయలు. కౌలు రైతు కూడా ఆ లోపు ఆదాయం ఉంటే అడగొచ్చు. మరి ఆదాయ ధ్రువపత్రం కోసం తాసిల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలా? సెక్షన్ 13 ఏమంటుందంటే, నా ఆదాయం ఇంత అని మీరు ఇచ్చే అఫిడవిట్ సరిపోతుంది, అబద్ధమని అనుమానించే కారణం ఉంటే తప్ప.

ఏమేం ఉచితం? లాయర్ ఫీజు, కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, సాక్షుల ఖర్చు, తీర్పు నకళ్ళు, కాగితాల తర్జుమా. అర్జీ రాయించుకోవడం కూడా ఉచితమే.

వెళ్తే ఏం జరుగుతుంది?

కోర్టు ఆవరణలోకి వెళ్ళి "న్యాయసేవాధికార సంస్థ ఎక్కడండీ" అని అడగండి. నల్లకోటు వేసుకున్నవాళ్ళు ఎదురొచ్చి "ఏం పని మీద వచ్చారు, నేను చేస్తా" అంటే, దణ్ణం పెట్టి ముందుకి నడవండి. ముందు ఆ ఆఫీసుకే వెళ్ళండి. అక్కడ ముందు గదిలో ఒక లాయర్ గానీ, వాలంటీర్ గానీ ఉంటారు. దరఖాస్తు తెల్లకాగితం మీద ఇవ్వొచ్చు. రాయడం రాకపోతే మీరు నోటితో చెప్పండి, వాళ్ళు రాసి చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంటారు. ఈ వేలిముద్ర మీద మాత్రం నాకు భయం లేదు.

గుంటూరు దాకా వెళ్ళలేకపోతే 15100కి ఫోన్ చేయండి. నల్సా హెల్ప్‌లైన్ అది. నల్సా వెబ్‌సైట్‌లో కూడా దరఖాస్తు పెట్టొచ్చు.

దరఖాస్తు ఇచ్చాక ఏడు రోజుల లోపు ఏ సంగతీ తేల్చాలని నల్సా నిబంధన. కాదంటే సంస్థ ఛైర్మన్‌కి, అంటే జిల్లాలో అయితే జిల్లా జడ్జిగారికి అప్పీలు చేసుకోవచ్చు. సీజన్ అయిపోయి మీ ఊరికి వెళ్ళిపోయారా? అక్కడి జిల్లా సంస్థలో ఇవ్వండి, ఆ దరఖాస్తు ఇక్కడికి పంపే ఏర్పాటు ఉంది.

ఇంక అన్ని గొడవలూ కోర్టు కేసులు కానక్కర్లేదు. కేసు వేయకముందే అవతలివాళ్ళకి నోటీసు పంపి, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. దాన్ని ప్రీ లిటిగేషన్ అంటారు. కూలి డబ్బు తగాదాలు చాలా మటుకు అక్కడే తేలతాయి. ఒకటి చెప్తాను.

లెక్క అంటే డబ్బే

మన వైపు పత్తి తీతకీ, మిరప కోతకీ కర్నూలు జిల్లా పడమటి ఊళ్ళ నుంచి, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే వస్తాయి. దాన్ని వాళ్ళు సుగ్గి అంటారు. చేల పక్కన పట్టాలతో గుడారాలు వేసుకుంటారు. వంట అక్కడే, పిల్లలు అక్కడే.

నేను వాలంటీరుగా ఉన్నప్పుడు అట్లాంటి ముఠా ఒకటి వచ్చింది, తొమ్మిది మంది. ముందు నిలబడింది ఒక పెద్దావిడ. "మా లెక్క మాకియ్యమను సార్" అంది. నేను "లెక్క రాసుకున్నారా అమ్మా" అని అడిగాను. "లెక్క చేతికొస్తే గదా సార్ రాసుకునేది" అంది. రెండు నిమిషాలు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత తెలిసింది, వాళ్ళ వైపు లెక్క అంటే డబ్బు. మన వైపు లెక్క అంటే రాసుకునే లెక్క.

అదృష్టం ఏంటంటే, రెండూ ఉన్నాయి. ఆవిడ మనవరాలు, ఏడో తరగతి మధ్యలో బడి మానిపించి తీసుకొచ్చిన పిల్ల, ఏ రోజు ఎంతమంది చేలో దిగారో తన నోటు పుస్తకం చివరి పేజీల్లో రాసింది. ఎవరూ చెప్పలేదు, అలవాటుగా రాసింది. తీసి కూడితే 331 కూలి దినాలు. రోజుకి 400 మాట్లాడుకున్నారు. అంటే 1,32,400 రూపాయలు. ముందు అడ్వాన్సు 40 వేలు, మధ్యలో బియ్యానికి 9 వేలు ముట్టింది. ఇంకా రావాల్సింది 83,400.

మేస్త్రీ "రైతు ఇవ్వలేదు" అంటాడు. రైతు "నేను మేస్త్రీకి ఇచ్చేశాను" అంటాడు. ఇట్లాంటి చోటే కూలీ మధ్యలో నలిగిపోతాడు. నోటీసు ఇచ్చి ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. రైతు ఫోన్ తీసి చూపించాడు, ఫోన్‌పేలో మేస్త్రీకి విడతలుగా వేసింది 95 వేలు. ఇటు నోటు పుస్తకం, అటు ఫోన్. పక్కపక్కన పెడితే ఇంక అరుపులు అక్కర్లేకపోయింది. 95 వేలలో కూలీలకి చేరింది 49 వేలు. మేస్త్రీ దగ్గర ఆగింది 46 వేలు. రైతు ఇంకా ఇవ్వాల్సింది 37,400.

ఆ రైతు కూడా చెడ్డవాడు కాదు. కౌలు మనిషే. పంట ఏసీలో పెట్టాడు, అదేనండీ కోల్డ్ స్టోరేజీలో, ధర కోసం ఆగాడు. మిరప ధర పడిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. 2025లో క్వింటాలుకి 11,781 రూపాయల ధర ఖరారు చేసి కేంద్రం జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ధర పడితే ఆ దెబ్బ ముందు తగిలేది కూలీకే. పది రోజుల్లో కొన్ని టిక్కీలు అమ్మి మొత్తం ఇస్తానన్నాడు, ఇచ్చాడు. మేస్త్రీ దారి ఖర్చులు, కమిషన్ అని గొణిగి, చివరికి 35 వేలకి ఒప్పుకున్నాడు.

అంటే 83,400కి 72,400 వచ్చింది. పదకొండు వేలు వదులుకున్నారు. నాకు మనసు ఒప్పలేదు. కేసు వేద్దాం, లాయర్ ఉచితమే అన్నాను. ఆవిడ "ఉగాదికి ఊళ్ళో ఉండాల సార్, మళ్ళీ మళ్ళీ రాలేం" అంది. అది వాళ్ళ నిర్ణయం. మనం దారి చూపించాలి గానీ మన పంతం కోసం వాళ్ళని తిప్పకూడదు.

ఇందులోంచి మీరు పట్టుకెళ్ళాల్సింది ఒక్కటే. లెక్క రాసుకుంటే లెక్క వస్తుంది. తేదీ, ఎంతమంది, ఎవరి చేను, ఎంత ముట్టింది. క్యాలెండర్ మీద గీతలైనా సరే. ఫోన్‌లో డబ్బు వచ్చిన మెసేజీలు చెరపకండి. మేస్త్రీ ఫోన్ నంబరు, రైతు పేరు, ఊరు రాసి పెట్టుకోండి. పనిచేసే చోట ఒక ఫోటో తీసుకోండి. అంతకు మించి కాగితాలు మన దగ్గర ఉండవు, ఉండవని ఆ ఆఫీసు వాళ్ళకీ తెలుసు.

సంతకం పెట్టే ముందు

రాజీ కుదిరితే దాన్ని లోక్ అదాలత్‌లో అవార్డుగా రాస్తారు. దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. డబ్బు ఇవ్వకపోతే ఆ కాగితంతో అమలు చేయించుకోవచ్చు. ఇంతవరకూ మంచిది. కానీ సెక్షన్ 21 ప్రకారం దాని మీద అప్పీలు లేదు. ఒప్పుకున్నాక "అప్పుడు నాకు తెలియలేదు" అంటే వినేవాళ్ళుండరు.

అందుకే చెప్తున్నా, చదివి వినిపించమని అడగండి. రెండుసార్లు అడగండి. సిగ్గుపడకండి. మొత్తం ఎంత, ఎప్పుడిస్తారు, ఎన్ని విడతలు, ఇవి కాగితంలో ఉన్నాయా లేదా చూసుకోండి. నచ్చకపోతే ఒప్పుకోనక్కర్లేదు. రాజీకి రాలేదని మీ కేసు పోదు, మామూలు దారి ఉండనే ఉంది.

ఆ మామూలు దారి కార్మిక శాఖ. కనీస వేతనం ఇవ్వకపోయినా, జీతం ఆపేసినా అక్కడ క్లెయిము వేయొచ్చు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి తెచ్చామని కేంద్రం ప్రకటించింది. అందులో వేతనాల కోడ్ ప్రకారం క్లెయిము వేయడానికి మూడేళ్ళ గడువు ఉంది. పాత చట్టాల్లో ఇది ఆరు నెలలు, ఏడాది ఉండేది. పనిలోంచి తీసేసినా, మానేసినా రెండు పనిదినాల్లో బాకీ జీతం ఇచ్చేయాలని కూడా ఉంది. పాతవి పోయి కొత్తవి వచ్చే ఈ సమయంలో ఏ ఫారం, ఏ సెక్షన్ అని మీరు బుర్ర బద్దలు కొట్టుకోకండి. అది మీకిచ్చిన లాయర్ పని. మీ పని తొందరగా వెళ్ళడం. మూడేళ్ళుంది గదా అని ఆగితే అప్పటికి మేస్త్రీ నంబరు మారుతుంది, సాక్షి ఊరు మారుతుంది.

అడ్వాన్సు తీరేదాకా కదలొద్దంటే

ఇటుక బట్టీల్లో, ఇంకా కొన్నిచోట్ల ఒక మాట వింటుంటాం. "అడ్వాన్సు తీసుకున్నారు, అది తీరేదాకా ఎక్కడికీ వెళ్ళకూడదు." ఆధార్ కార్డులు లాక్కుంటారు, ఫోన్లు లాక్కుంటారు, పిల్లల్ని వదిలి వెళ్ళమంటారు. ఇది కూలి తగాదా కాదండీ. ఇది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. ఆ చట్టం ప్రకారం ఆ అప్పే రద్దయిపోతుంది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకున్నా అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది.

మన తెలుగు నేలకి ఇది కొత్త పోరాటం కాదు. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌గారు ఊరూరా వెట్టిని తీసేయించడానికి ఎంత శ్రమపడ్డారో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

ఇట్లాంటిది మీ కంట పడితే కలెక్టర్‌కి గానీ, ఆర్డీఓకి గానీ చెప్పాలి. ప్రాణభయం ఉంటే 112. పిల్లలుంటే 1098. విడిపించాక విడుదల ధ్రువపత్రం ఇస్తారు. పునరావాసం డబ్బుకి అదే ఆధారం, అది లేకుండా బస్సెక్కించి పంపేస్తే మనిషి మళ్ళీ అదే అప్పులోకి వెళ్తాడు. ఆ పత్రం రాలేదంటే న్యాయసేవాధికార సంస్థ లాయర్ని అడగండి. వెట్టికి గురైనవాళ్ళకి ఆదాయం చూడరని ఇందాకే చెప్పాను.

లాయర్ డబ్బులడిగితే?

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. ఉచిత లాయర్లందరూ ఒకేలా ఉండరు. సంస్థ వాళ్ళకి ఇచ్చే ఫీజు తక్కువ. ప్రాణం పెట్టి చేసేవాళ్ళని చూశాను, వాయిదాకి రానివాళ్ళనీ చూశాను. మీరు ఏం చేయాలంటే, లాయర్ పేరు, ఫోన్ నంబరు, కేసు నంబరు, వచ్చే వాయిదా తేదీ, ఈ నాలుగూ రాసి పెట్టుకోండి. "ఖర్చులకి కొంచెం ఇవ్వండి" అని అడిగితే ఇవ్వకండి. సంస్థ పెట్టిన లాయర్ మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. నేరుగా సంస్థ కార్యదర్శిగారికి చెప్పండి, ఆయన కూడా జడ్జే. లాయర్ని మార్చమని అడిగే వీలుంది.

పోలీసులు పట్టుకెళ్ళిన కేసైతే, అరెస్టయిన క్షణం నుంచీ లాయర్ని అడగొచ్చు. క్రిమినల్ కేసుల కోసం 2022 నుంచి జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే ఏర్పాటు తెచ్చారు. వీళ్ళు సొంత ప్రాక్టీసు పక్కనపెట్టి ఈ పనే చేసే లాయర్లు.

మనవాళ్ళు వలస వెళ్ళిన చోట

మన దగ్గరికి వచ్చినవాళ్ళ సంగతి చెప్పుకున్నాం. మన ఇళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు కూడా వలసవాళ్ళే గదా.

గల్ఫ్‌లో జీతం ఆపేసినా, పాస్‌పోర్టు లాక్కున్నా ముందు భారత రాయబార కార్యాలయం. అక్కడ 2009 నుంచి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఉంది, నిజంగా దిక్కులేనివాళ్ళకి లాయర్ ఖర్చు కూడా అందులోంచి పెట్టొచ్చు. ఇక్కడున్న కుటుంబం విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్ఆర్టీ కూడా ఈ పనిలో సాయపడుతుంది.

అమెరికా సంగతి వేరు. అక్కడ ఇమ్మిగ్రేషన్ కోర్టులో లాయర్ని పెట్టుకునే హక్కు ఉంది గానీ, ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వరు. 2019 జనవరి చివర్లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుందా? ప్రభుత్వ అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. అందులో చేరారని 129 మంది మన దేశపు విద్యార్థుల్ని పట్టుకున్నారు, అందులో ఎక్కువమంది తెలుగు పిల్లలు. అప్పుడు తెలుగు సంఘాలు లాయర్ల కోసం పరిగెత్తాల్సి వచ్చింది. అక్కడ ఇమ్మిగ్రేషన్ కోర్టులే ఉచితంగా వాదించే సంస్థల జాబితా ఇస్తాయి. మీ పిల్లలకి ఆ సంగతి చెప్పి ఉంచండి. ఫీజు తీసుకుని ఫారాలు నింపిపెట్టే ఏజెంటు లాయర్ కాదనీ చెప్పండి.

అంత డబ్బున్న దేశంలో చెయ్యిచాచి వెతుక్కోవాల్సింది, ఇక్కడ కోసిగి నుంచి వచ్చిన పెద్దావిడకి చట్టం హక్కుగా ఇచ్చింది. ఉన్నదాన్ని వాడుకోకపోతే తప్పు ఎవరిది?

చివరగా

ఆ పెద్దాయన ప్రశ్నకి నేను గుడి దగ్గర ఇంత చెప్పలేదు. ఒక్కటే అడిగాను, "మీరు వాళ్ళతోపాటు గుంటూరు వస్తారా?" అని. ఎందుకంటే చట్టం ఉంది, ఆఫీసు ఉంది, లాయర్ ఉన్నాడు. కొత్త ఊళ్ళో కోర్టు గేటు దాటడానికి కావాల్సింది పక్కన ఒక తెలిసిన మనిషి. భాష తెలిసిన మనిషి, ఆటో ఎక్కడ దిగాలో తెలిసిన మనిషి. ఆయన కాసేపు ఆలోచించి "సోమవారం నాకు ఏసీ దగ్గర పనుంది, మంగళవారం వస్తా" అన్నాడు. వచ్చాడు కూడా. దరఖాస్తు ఇచ్చారు. ఏమైందో తేలాక చెప్తాను.

మీ చేలో, మీ మిల్లులో, మీ వీధి చివర గుడారంలో ఎవరైనా ఉంటే, 15100 నంబరు ఒక కాగితం మీద రాసివ్వండి. వీలైతే వాళ్ళతో నడవండి. మా నాన్నతో ఆ రోజు నడిచేవాళ్ళు ఎవరైనా ఉండుంటే బాగుండేది.

వచ్చే ఎపిసోడ్‌లో పని చోట ప్రమాదం జరిగితే మొదటి వారంలో ఏ కాగితాలు తీసుకోవాలో చెప్తాను. అప్పటిదాకా సెలవు. నమస్కారం.